నిలకడ లేని బిళ్ల

ఊళ్లో ప్రతి ఇంటికీ కరెంటు గోడలో బిగించిన అణుబిళ్ల నుంచే వస్తుంది. మాబున్నీ ఇంట్లోది పెళ్లినాడు పెట్టిన బిళ్ల. మొగుడు హుసేనప్ప ఊపిరితిత్తులు పాడై గాలిమిషన్ మీద బతకడం మొదలైన రోజునుంచి, అది అతనికోసం మిగలాలని ఆమె పొదుపు పట్టింది. పొద్దున ఒక్కసారే వండేది, రాత్రికి చల్లన్నమే. పొద్దుగూకితే ఇద్దరూ చీకట్లో కూర్చునేవారు.

ఈ సాయంత్రం మిషన్ మూలుగుతుంటే బిళ్లల మేస్త్రీ ఓబులేసును పిలిచింది. అతను మీటరు పెట్టి చూశాడు.

"సగమై, ఆ సగంలో మళ్లా సగమైందమ్మా."

"అదెట్టన్నా? లైటు గూడా ఎయ్యకుండా దాసిపెట్టినా గదా!"

"దాస్తే దాగేది కాదిది. లోపల కేంద్రకాలకు నిలకడ ల్యా. అవి పగలబట్టే మనకు కరెంటు. నువ్వు వాడినా వాడకున్యా పగుల్తానే ఉంటాయి."

"కొత్తదన్నా పెట్టు."

"యాడా దొరకడం ల్యా, మ్మా."

ఓబులేసు వెళ్లేసరికి ఇంట్లో చీకటి పడింది. మంచంమీద హుసేనప్ప అంతా విన్నాడు.

"మాబున్నీ, లైటెయ్యి. లైటు ఎలుతుర్లో నీ మొకం సూసి ఎన్నాళ్లయిందో."

ఆమె చెయ్యి స్విచ్ దాకా వెళ్లి ఆగిపోయింది. ఇప్పుడు లైటు వేస్తే మిషన్ ఆగుతుంది. రెండూ కలిసి నడవగల రోజులన్నీ చీకట్లోనే గడిచిపోయాయి.