రెండో చుట్టు

“మళ్లీ దాహమేమో!” అంటూ ప్రొఫెసరు భార్య ఆయన ఎడమ చేత్తో తిప్పుతున్న ఖాళీ ప్లేటు తీసేసి, పెదాలకు నీళ్ల గ్లాసు అందించింది.

పక్షవాతంతో మాట పడిపోయిన ఈ మూడు నెలలుగా, ఏ ప్లేటు దొరికినా ఆయన అలాగే తిప్పుతున్నారట.

పరిశోధక విద్యార్థిని తన థీసిస్‌ను ఆయన ఒళ్లో పెట్టింది. ఎలక్ట్రాన్ మీద నాలుగేళ్ల పని. రేపే ఇచ్చెయ్యాలి. సార్ ఒక్కసారి తల ఊపితే చాలనుకుని వచ్చింది.

ఆయన ఒక సమీకరణం మీద వేలు పెట్టి, మళ్లీ ప్లేటు అందుకున్నారు. అరచేతిలో నిలిపి, చంక కిందుగా ఒక చుట్టు తిప్పారు. ప్లేటు మొదటికొచ్చింది కానీ చెయ్యి మెలితిరిగిపోయింది. ఆమె వంక చూసి, తల మీదుగా రెండో చుట్టు తిప్పారు. మెలిక విడిపోయింది.

ఆయన వేలు పెట్టిన సమీకరణాన్ని ఆమె మళ్లీ చదివింది. ఆ చెయ్యిలాగే ఎలక్ట్రాన్ కూడా రెండు చుట్లు తిరిగితేనే మొదటి స్థితికొస్తుంది. అక్కడ తను ఒక్క చుట్టుతోనే సరిపెట్టేసింది. తర్వాతి నూరు పేజీలూ దాని మీదే నిలబడ్డాయి.

“సార్ నీళ్లు అడగట్లేదు అమ్మగారూ. నా లెక్క తప్పంటున్నారు. పడిపోయిన రోజు ఆయన చదువుతున్నది ఈ అధ్యాయం చిత్తుప్రతే.”

ఆవిడ గ్లాసు పక్కన పెట్టేసింది.

“ఇన్నాళ్లూ నీళ్లే తాగించానా! మరి, రోజూ కిటికీ వైపు చెయ్యి చూపిస్తారు. ఎండేమోనని తెర వేసేస్తాను. అదేంటో కూడా చెప్పు తల్లీ.”

విద్యార్థిని కిటికీ వంక చూసింది, ఆయన కళ్లలోకి చూసింది. ఏమీ తెలియలేదు.