నాలుగు కుట్ల పని

"కాలు పెట్టకండి మరిదిగారూ!"

వదిన అరిచిన అరుపుకి మరిది గుమ్మంలోనే ఒంటికాలి మీద కొంగలా నిలబడిపోయాడు.

గుమ్మం నుంచి సోఫా దాకా నేలంతా గుడ్డముక్కలే. పాత చీరలవి, చిరిగిన దుప్పట్లవి, అన్నయ్య చొక్కాలవి. వదిన కుట్టబోయే బొంత కోసం రంగు పక్కన రంగు చూసి పేర్చినవి. ఒక్క ముక్క కదిలినా కథ మళ్ళీ మొదటికొస్తుందట.

మరిది సంచీ నెత్తిన పెట్టుకుని, గోడకి అతుక్కుని, పక్కపక్కకి జరుగుతూ ఎలాగోలా కుర్చీ చేరాడు.

"అందులో కూర్చోకండి, సూదులున్నాయి" అంది వదిన.

అతను వచ్చింది వదినతో పని పడే. బీరువా ఎత్తబోతుంటే చిరిగింది. అదీ నలుగురిలో చెప్పుకోలేని చోట. ఊళ్ళో ఎవరికీ చూపించలేక, సిగ్గుతో నెలల తరబడి అలాగే నెట్టుకొచ్చాడు. "ఇంట్లో ఇంత చెయ్యి తిరిగిన మనిషిని పెట్టుకుని బయటివాళ్ళ దగ్గరికి వెళ్ళడమేంట్రా!" అని అన్నయ్యే ఫోన్‌లో కేకలేసి రప్పించాడు.

"మీదెంత పని మరిదిగారూ! లోపల చిన్న అతుకు వేసి పైన నాలుగు కుట్లు. రేపు పొద్దున్నే పట్టుకుంటే కాఫీ వేళకి అయిపోతుంది" అంది వదిన దారం కొరుకుతూ.

మరిది మనసు కుదుటపడింది. ఆ ఆదివారం అక్కడితో అయిపోయి ఉంటే బాగానే ఉండేది.

మిషన్ మీద కర్టెన్ ఉంది, సగం అంచుతో. మంచం మీద పక్కింటి పాప గౌను ఉంది, ఒకటే చెయ్యితో. ఫ్రిజ్ మీద జిప్పు లేని సంచీ. తలుపు వెనక అన్నయ్య చొక్కా. దానికి బొత్తాలున్నాయి గానీ కాజాలు లేవు. వదిన కర్టెన్ కుడుతూ కుడుతూ "అయ్యో, గౌను!" అని లేచేది. గౌను పట్టుకున్నాక బొంత గుర్తొచ్చేది. బొంత ముందు కూర్చున్నాక ఇంకో బొంతకి ఇంకా మంచి ఆలోచన వచ్చేది. ఇది చూస్తున్న మరిదికి భయం పట్టుకుంది. తనదీ ఈ సగం పనుల వరసలో చేరిపోతే తన గతేం కాను?

"అన్నయ్యా, వీటిల్లో ఎప్పుడైనా ఏదైనా పూర్తయిందా?" అని సోఫాలో ఉన్న అన్నయ్యని మెల్లిగా అడిగాడు.

"ఎందుకు కాలేదూ! దిండు గలేబు అయింది. నాలుగు వైపులా గట్టిగా కుట్టేసింది. దిండే బయట ఉండిపోయింది."

భోజనాలయ్యాక కత్తెర కనపడలేదు. ముగ్గురూ ఇల్లంతా గాలించారు. బియ్యం డబ్బాలో కూడా చూశారు. అలసిపోయిన అన్నయ్య, ముందు రోజే అంచు మూసిన చిన్న బొంత మీద నడుం వాల్చాడు. మరుక్షణం "చచ్చాన్రా!" అని ఎగిరి లేచాడు.

కత్తెర బొంత లోపల ఉంది. దానితో పాటు టేపు, అన్నయ్య కళ్ళజోడు కూడా ఉన్నాయి.

"అదేంటో, మూసేటప్పుడు ఏదో ఒకటి లోపల ఉండిపోతుంది" అని నవ్వేసింది వదిన. ఆవిడ అటు తిరగగానే మరిది అన్నయ్యని వంటింట్లోకి లాక్కుపోయాడు.

"నా పని బయట ఎవరికైనా ఇచ్చేద్దాం అన్నయ్యా. నీకు పుణ్యముంటుంది."

"నోర్ముయ్! మీ వదిన విందంటే ఇద్దరికీ ఇవాళ మంచినీళ్ళు కూడా పుట్టవు. నాదీ తనే కుట్టింది. ఈ రోజుకీ చెక్కు చెదరలేదు, తెలుసా?"

"లోపల ఏమైనా ఉండిపోయిందేమో చూసుకున్నావా?"

అన్నయ్య నవ్వబోయి ఆగిపోయాడు.

సాయంత్రం వదిన టీ పెడదామని లేచింది. ఆవిడతో పాటు అప్పటిదాకా కుట్టిన బొంత కూడా లేచింది. చీర కుచ్చిళ్ళని దాంతో కలిపి కుట్టేసుకుంది మరి. బొంతని ఈడ్చుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, టీ పెట్టి, బొంతని ఈడ్చుకుంటూ తిరిగొచ్చింది. పొద్దుట్నుంచీ పేర్చిన ముక్కలన్నీ గది నాలుగు మూలలకీ పోయాయి.

ఇక మరిది ఆగలేదు. చడీచప్పుడు లేకుండా సంచీ తీసుకుని, పిల్లిలా గుమ్మం దాకా వెళ్ళాడు.

"ఎక్కడికి?"

"ఏం లేదు వదినా... మీకు చాలా పనులున్నట్టున్నాయి. నాది మళ్ళీ ఎప్పుడైనా చూద్దాం."

"బాగుంది! చిరుగుని అలా వదిలేస్తే పెద్దదవుతుంది. సంచీ కింద పెట్టండి."

పెట్టాడు. పెట్టి, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని అడిగాడు. "మధ్యలో బొంత గుర్తొస్తే?"

"ఒకసారి విప్పాక ఊరికే వదిలేస్తానా?"

"పాప గౌను విప్పి వదిలేశారుగా..."

"అది పక్కింటివాళ్ళది. మీరు మా ఇంటి మనిషి" అని ఎంతో ఆప్యాయంగా భుజం తట్టింది వదిన. ఆ ఆప్యాయతకి కాదనలేక, మరిది బిక్కచచ్చిపోయి సూదుల కుర్చీలోనే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే, అన్నమాట ప్రకారం మిగతా పనులన్నీ పక్కన పెట్టి, చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చిన వదిన, బల్ల మీద వెల్లకిలా పడుకున్న మరిది పొత్తికడుపు మీద పెన్నుతో ఏటవాలుగా ఒక గీత గీసి, తల దగ్గర నిలబడ్డ మత్తు డాక్టరుతో "ఇక మొదలుపెడదామా?" అంది.