అడ్డమొచ్చిన రెండెకరాలు

పార కామ మొదటి దెబ్బకే మల్లేశ్ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

కొట్టింది పరాయివాడు కాదు. సొంత అన్న ఎల్లం. మెదక్ నుంచి హవేలిఘనపూర్ పోయే రోడ్డు పక్కన, కోత అయిపోయిన మడిలో, పట్టపగలు, పదిమంది చూస్తుండగా.

"సంతకం పెడ్తవా, పెట్టవా?"

"పెట్ట. పానం పోయినా పెట్ట."

రెండో దెబ్బ వీపు మీద పడింది.

గట్టు మీద తెల్లకారుకు ఆనుకుని చంద్రకాంత్ చూస్తున్నాడు. పక్కనున్న వెంచర్ ఆయనదే. పట్నం పెరిగి పెరిగి, శివార్లన్నీ మింగి, ఆకలి తీరక మెదక్ దాకా వచ్చింది. మొన్నటిదాకా వరి పండిన నేలలో ఆయన హద్దురాళ్లు పాతాడు. కమాను కట్టాడు. హైదరాబాద్ జనం ఆదివారం కార్లలో వచ్చి, రాళ్ల నడుమ ఫొటోలు దిగి, ఆయన పెట్టిన బిర్యానీ తిని పోతారు. కమానుకూ మెయిన్ రోడ్డుకూ మధ్య ఈ అన్నదమ్ముల రెండెకరాలే అడ్డం.

కాదన్నవాళ్లను ఏం చేయాలో చంద్రకాంత్‌కు తెలుసు. పక్క చేను వీరయ్య కాదన్నాడు. బోరు మోటరు కాలిపోయింది. మళ్లీ కాదన్నాడు. కాలు విరిగింది. ఎవరు విరిచారో వీరయ్యకూ తెలుసు, ఊరికీ తెలుసు. చెప్పుకునే దిక్కే లేదు. ఆ తర్వాత అడిగితే కుంటుకుంటూ పోయి సంతకం పెట్టాడు.

ఎల్లంకూ మల్లేశ్‌కూ తిండి పెట్టేది ఈ మడి ఒక్కటే. అయినా ఎల్లం తనే చంద్రకాంత్ ఇంటికి పోయి అమ్ముతానన్నాడు. పట్టా ఇద్దరి పేరు మీద ఉందనీ, తమ్ముడే మొండికేస్తున్నాడనీ చెప్పాడు. "నువ్వు రా సారూ, నీ ముందటనే ఒప్పిస్త" అని పిలిచాడు.

ఇదీ ఆ ఒప్పించడం.

"అమ్మ బొంద గూడ గీడనే ఉన్నది." మల్లేశ్ నోట్లో రక్తం ఉమ్మాడు. "దాని మీదికెల్లి రోడ్డేపిస్తవా? తల్లిని గూడ ప్లాట్లు జేసి అమ్మెటోనివి నువ్వు."

ఈసారి నెత్తి మీద పడింది. చెవి పైన తోలు చీలి, చొక్కా అంతా ఎర్రబడింది. మల్లేశ్ భార్య భూలక్ష్మి అడ్డం పడబోతే ఎల్లం ఒక్క తోపు తోశాడు.

"నీ చేతులు పడిపోను. నీకు పురుగులు పడ." ఆమె దోసెడు మన్ను తీసి బావ ముఖాన కొట్టింది.

ఎల్లం ముఖం తుడుచుకోలేదు. మళ్లీ ఎత్తాడు. మల్లేశ్ ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గట్టు దాకా వినిపించింది. చూస్తున్నవాళ్లు ఫోన్లు తీశారు. ఒక్కడూ వచ్చి ఆపలేదు. భూమికి రేటు వచ్చాక మనిషికి పోయింది.

"ఆపురా, సస్తడు" అన్నాడు చంద్రకాంత్.

"సావనియ్యి సారూ. బతికితె కోర్టుకు పోతనంటుండు. పోనియ్యి. నేను గూడ పోత. వాడో నేనో తేలాలె."

చంద్రకాంత్ జనం చేతుల్లో ఫోన్లు చూశాడు. ఆయన ముఖం మాడిపోయింది.

"కోర్టంటె పదేండ్లు నడుస్తది. గీ నెత్తురు చూసినంక నా దగ్గర ప్లాటెవడు కొంటడు? లొల్లిల ఉన్న భూమి నాకెందుకుర? మీరూ మీరూ కొట్టుకోని సావుండ్రి."

కారెక్కి డ్రైవర్‌తో అన్నాడు. "రోడ్డు వీరయ్య చేను మీదికెల్లి తియ్యమని చెప్పు. జర వంకర పోతె పోయింది."

కారు పోయింది. పోలీసులు వచ్చారు.

మెదక్ సర్కారు దవాఖానలో మల్లేశ్ తలకు కుట్లు వేశారు. చేతికి కట్టు కట్టారు. సాయంత్రం, జైలుకు పంపేముందు పరీక్ష చేయించాలని కానిస్టేబుల్ ఎల్లంను కూడా అక్కడికే తెచ్చాడు. డాక్టరు ఇంకా రాలేదు.

"చూస్కో నీ పనితనం" అని బేడీ మల్లేశ్ పక్క మంచానికి తగిలించి, కానిస్టేబుల్ చాయ్‌కి పోయాడు. భూలక్ష్మి మందులకు పోయింది.

ఎల్లం తల వంచుకుని కూర్చున్నాడు. కాసేపటికి భుజాలు అదరడం మొదలైంది.

మల్లేశ్ వాచిన కన్ను తెరిచి, గుమ్మం దిక్కు చూసి, గొంతు తగ్గించాడు.

"ఏడ్వకే అన్నా, రాత్రి మనం పైస ఎగరేసినప్పుడు దెబ్బలు తినే వంతు నీకొచ్చి ఉంటె, నేను గూడ గింతే గట్టిగ కొట్టేటోన్ని."