బాడిస పిడి

"నీకు లాగోస్‌లో సోఫాలు చేసే కొట్టుందిగా. నాన్న బాడిస మీద నీ కన్నెందుకురా?" ఓగుండెలే తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు.

కొయ్య బొమ్మలు చెక్కే తండ్రి ఫాగ్బెమిని పాతిపెట్టి వారమైనా కాలేదు. రాజుగారి వాకిట నిలబెట్టాల్సిన స్తంభం ముఖం లేకుండా కొట్టంలో పడి ఉంది. బాడిస ఎవరి చేతికొస్తే ఆ స్తంభం వాడిది, ఇంటి పేరూ వాడిదే.

ఓగుండెలేకు ఒళ్లు మండిపోతోంది. చెట్టుకు మొక్కి, నరికి, మోసుకొచ్చి, గొడ్డలితో మొద్దును మనిషి ఆకారానికి తెచ్చేది తను. ముఖం చెక్కే వేళకు మాత్రం తండ్రి తలుపేసుకునేవాడు. తిండి పట్టుకుని అమ్మ ఒక్కతే లోపలికి వెళ్లేది. లోపల ఆయనకు ఎంత దగ్గు తెర వచ్చినా బాడిస చప్పుడు ఆగేది కాదు. ఆ మాట ఓగుండెలే ఊరంతా గొప్పగా చెప్పుకునేవాడు.

"చల్లారిపోతోంది. తిని కొట్టుకు చావండి," అంటూ తల్లి అయిన్కే పెండలం ముద్దల గిన్నెతో కొట్టం గడప దాటబోయింది.

"అక్కడే ఆగమ్మా, బాడిస నేల మీదే ఉంది. ఆడదాని చెయ్యి తగిలితే బాడిస చచ్చిపోతుందని నాన్న ఎన్నిసార్లు చెప్పాడు? ఇనుముకు దేవుడు ఓగున్. ఆయనతో ఆటలా?"

"అవును, చెప్పాడు," అంది ఆమె, పెదవి బిగించి. గడప దగ్గరే నిలబడిపోయింది.

ఓగుండెలే బాడిస అందుకున్నాడు. ఏళ్ల తరబడి బొటనవేలు నొక్కిన చోట పిడి మీద గుంట పడింది. అతని వేలు అందులో ఇమడలేదు. మొదటి వేటే జారి స్తంభం భుజం మీద పెచ్చు లేచిపోయింది.

"మేక నయం, ఇంతకంటే బాగా కొరుకుతుంది," అని తమ్ముడు అలాబి నవ్వి బాడిస లాక్కున్నాడు. అతని వేటూ పక్కకే పోయింది.

నవ్వు ఆగింది. నాన్న బొటనవేలు వీళ్లిద్దరి వేళ్లకంటే లావు. ఈ గుంట ఆ వేలిది కాదు.

"పిడి మార్చేశావు. అసలుది ఏ తెల్లోడికో అమ్ముకుతిన్నావు, దొంగ వెధవా," అన్నాడు ఓగుండెలే.

"నేనొచ్చింది మొన్న. కొట్టం తాళం ఎవరి మొలకుంది అన్నయ్యా? తిన్నది నువ్వే."

ఓగుండెలే తమ్ముడి గొంతు పట్టుకున్నాడు. అలాబి చేతికి ఉలి దొరికింది.

గిన్నె భళ్లున నేలకు తగిలింది.

"సిగ్గులేని సన్నాసుల్లారా. గోరీ మీద మట్టి ఇంకా ఆరలేదు." అయిన్కే గడప దాటి వచ్చింది. ఇద్దర్నీ చెరో పక్కకు నెట్టి, కిందపడ్డ బాడిస తీసుకుంది.

"ముట్టుకోకమ్మా," అని అరిచాడు ఓగుండెలే.

ఆమె వినిపించుకోకుండా స్తంభం ముందు కూర్చుంది, చూసుకోకుండానే పెట్టిన బొటనవేలు పిడి మీది గుంటలో సరిగ్గా ఇమిడింది, ఇన్నేళ్లూ కొడుకులు తలుపు అవతలి నుంచి విన్న ఆ చప్పుడు మళ్లీ మొదలైంది.