ఒకే గది

అత్తయ్యగారు తలుపు పిడికి మళ్ళీ స్నానం చేయించారు. ఆ పిడి తిప్పినా ఒరిగేదేమీ లేదు. తాళం బయట నుంచి వేసి ఉంది.

"దాన్ని ఎవరు ముట్టుకుంటారని అత్తయ్యగారూ?" అంది టీచరమ్మ మంచం మీద నుంచే.

"ఎవరో ఒకరు ముట్టుకునే ఉంటారు. నీ ఫోను కూడా ఇలా ఇయ్యి."

ఇచ్చేదాకా ఊరుకోరని తెలుసు కాబట్టి ఇచ్చింది. అది శానిటైజర్ వాసనతో తిరిగొచ్చింది. టీవీ రిమోటు, స్విచ్చులు, కుళాయి, సబ్బుపెట్టె, అన్నిటిదీ అదే వాసన.

విమానం దిగిన రోజు పాస్‌పోర్టుల్లో ఒకే ఇంటిపేరు చూసి, కౌంటర్లో అధికారి ఒకే గది నంబరున్న చీటీ చేతిలో పెట్టాడు. "మాకు వేరే వేరే గదులు..." అని టీచరమ్మ నసిగింది. "అత్తాకోడళ్ళు అప్పుడే వేరు కాపురమా!" అని క్యూలో ఎవరో అన్నారు. మాస్కుల వెనక అందరూ నవ్వారు. అధికారి "నెక్స్ట్" అన్నాడు. అలా ఇద్దరూ ఈ క్వారంటైన్ గదిలో వచ్చి పడ్డారు.

గదికి కిటికీ ఉంది కానీ తెరుచుకోదు. అద్దం అవతల ఖాళీ పార్కింగు, ఎప్పుడూ కదలని ఒక బస్సు. పూటకోసారి తలుపు సందులోంచి గ్లవుజులు తొడిగిన చేతులు భోజనం డబ్బాలు లోపలికి తోసేవి. పరీక్షలకు ఇంటిపేరుతోనే ఒక కేక వేసేవారు. తర్వాత మళ్ళీ తాళం చప్పుడు. అది విన్నప్పుడల్లా టీచరమ్మకు ఊపిరాడనట్టుండేది.

ఉన్నది ఒకటే మంచం. మధ్యలో దిండ్లు పేర్చి సరిహద్దు గీశారు అత్తయ్యగారు. ఏసీ వేస్తే ఆవిడకు చలి, ఆపితే ఈమెకు ఉక్క. ఆవిడ గురక పెడితే ఈమెకు నిద్ర కరువు. "ఆంటీ" అని పిలిస్తే ఆవిడకు ఒళ్ళు మంట. "చక్కగా అత్తయ్యగారూ అనలేవూ?" అని మొదటిరోజే దిద్దారు.

టీచరమ్మ బాత్రూంలో దూరి, కుళాయి తిప్పి, గొంతు తగ్గించి మొగుడికి ఫోన్ చేసింది.

"నావల్ల కాదు బాబూ. అన్నం ఎలా కలుపుకోవాలో, తల ఎలా దువ్వుకోవాలో కూడా ఆవిడే చెప్తున్నారు."

"పెద్దావిడ కదా, సర్దుకుపో," అన్నాడతను. మొగుళ్ళు ఎక్కడున్నా ఇదొక్కటే చెప్తారు.

"నీళ్ళు ఊరికే పోతున్నాయమ్మాయ్!" బయట నుంచి కేక.

టీచరమ్మ వచ్చింది ఇక్కడి బడిలో కొత్త ఉద్యోగానికి. అత్తయ్యగారి తొందర వేరు. ఆవిడ కూతురు ఈ ఊళ్ళోనే ఉంది. నిండు నెలలు, తొలి కాన్పు. అత్తయ్యగారి పెట్టె నిండా పాత మెత్తటి బట్టతో కుట్టిన చిన్న చిన్న బొంతలే. రోజూ వాటిని తీసి, మడత విప్పి, మళ్ళీ మడతపెట్టేవారు.

"మనల్ని వదిలిన మర్నాడే డేటు ఇచ్చారు డాక్టర్లు. నేను పక్కన లేకపోతే అది బెదిరిపోతుంది," అనేవారు. ఆ ఒక్క మాటలో మాత్రం పెత్తనం వినపడేది కాదు.

రేపు వదులుతారనగా టీచరమ్మకు ఒళ్ళు కాలిపోయింది.

ఒంటినిండా తెల్ల సూటు తొడుక్కున్న నర్సు గుమ్మంలోనే నిలబడి థర్మామీటరు చూసింది. "ఈమెను పై అంతస్తుకు మార్చాలమ్మా. మామూలుగా అక్కడ ఒక్కతే ఉండాలి. తోడు ఇంట్లోవాళ్ళనే ఉండనిస్తారు. కానీ ఉంటే మీ గడువు మళ్ళీ మొదటికొస్తుంది. లేదంటే రేపు పొద్దున మీరు వెళ్ళిపోవచ్చు."

"మీరెళ్ళండి అత్తయ్యగారూ. అక్కడ మీ అమ్మాయి..." అంది టీచరమ్మ. పైకి అందే కానీ, ఆ ఒంటరి గదిని తలుచుకుంటే పళ్ళు ఇంకా టకటకలాడాయి.

అత్తయ్యగారు ఒకసారి పెట్టె వైపు చూశారు. ఒకసారి మంచం వైపు చూశారు. తర్వాత నర్సు మీద విరుచుకుపడ్డారు.

"నా కోడల్ని ఈ స్థితిలో వదిలేసి పోతానా? ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు!"

పై గదికి ఆ మాత్రం కిటికీ కూడా లేదు. పగలో రాత్రో తెలిసేది కాదు. అత్తయ్యగారు బొంతల్లోంచి ఒకటి తీసి, తడిపి, నుదుటి మీద వేశారు. వేడెక్కితే మళ్ళీ తడిపారు. ఈసారి దిండ్లు పేర్చలేదు. జావ వద్దంటే మాత్రం చెడామడా తిట్టారు. "జ్వరం తగ్గనీ, అప్పుడు చెప్తా నీ పని!" ఆ తిట్లు వింటూనే టీచరమ్మ నిద్రలోకి జారుకునేది. అమ్మ దగ్గరున్నట్టే ఉండేది.

జ్వరం దిగిన రోజున అత్తయ్యగారి ఫోను మోగింది. తెర మీద చెదిరిన జుట్టుతో కూతురు, పొత్తిళ్ళలో ఎర్రగా ఆడపిల్ల. అత్తయ్యగారు ఫోను అద్దాన్ని వేలితో నిమిరారు. శానిటైజర్ సంగతే మర్చిపోయారు.

"రాలేకపోయానే తల్లీ," అని ఏడ్చేశారు.

"ఊరుకోమ్మా, అంతా బాగానే అయింది," అంది కూతురు. "నిన్ను రానివ్వకుండా చేసిన ఆ కోడలమ్మ మీద మొదట ఒళ్ళు మండింది. ఇప్పుడు దీనికి ఆమె పేరే పెడదామనుకుంటున్నాం. అల్లరి చేసినప్పుడల్లా ఇద్దర్నీ కలిపి తిట్టుకోవచ్చు."

టీచరమ్మ చటుక్కున మొహం తిప్పుకుంది. కళ్ళు నిండిపోయాయి.

అత్తయ్యగారు కొంగుతో ముక్కు తుడుచుకుని, ఫోనును చేత్తో మూసి, మంచం మీదికి వంగి, "అవునమ్మాయ్, విమానం దిగిన రోజు నుంచీ అడగనేలేదు, ఇంతకీ నీ పేరేమిటి?" అన్నారు.