వాడరేవులో పేరంటం

హారికకు అత్తగారితో ఒక్కటే చిక్కు. బొట్టు పెట్టి పిలవకపోతే నాంచారమ్మగారు కోడల్ని సముద్రం దగ్గరికి కూడా పోనివ్వరు.

"గేటు అవతల నుంచి చెయ్యి ఊపితే అది పిలుపేనా? బస్సునీ అలాగే ఆపుతాం."

చెయ్యి ఊపింది పక్కింటి మార్తా. చేనేత డిజైన్ల పని మీద పోలండ్ నుంచి వచ్చి వాడరేవులో అద్దెకుంటోంది. ఆదివారం సాయంత్రమైతే చీరాల చుట్టుపక్కల ఉన్న విదేశీయులంతా ఆమెతో కలిసి ఇసుకలో చాపలు పరుస్తారు. టీ ఫ్లాస్కులు, గిటారు, నవ్వులు.

పొదిలి నుంచి మకాం మార్చినప్పటి నుంచీ హారికకు మాట్లాడే మనిషి లేదు. ఆదివారం వస్తే డాబా మీద ఆరిన బట్టల్నే మళ్లీ ఆరేస్తూ, ఆ నవ్వులు వింటూ నిలబడుతుంది.

"ఒక్క గంట వెళ్లొస్తానత్తయ్యా."

"మర్యాద తెలియని చోటికి మనకెందుకే?"

ఇక లాభం లేదని హారిక గోడ మీదుగా మార్తాకి పాఠం చెప్పింది. "కుంకుమ తెచ్చి, నుదుట బొట్టు పెట్టి, రండని పిలవాలి. అప్పుడు మా అత్తయ్య కాదనలేరు."

ఆ ఆదివారం మధ్యాహ్నమే మార్తా దిగింది. ఎవరు కట్టారోగానీ చీర చీలమండల పైనే ఆగిపోయింది. చేతిలో క్రీము డబ్బా, దాన్నిండా కుంకుమ. హారికకు బొట్టు పెట్టి, వచ్చీరాని తెలుగులో "తప్పకుండా రండి" అంది.

హారిక పొంగిపోయింది. ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు. మార్తా నేరుగా నాంచారమ్మగారి ముందుకెళ్లి, ఆవిడ నుదుట కూడా ఇంత బొట్టు పెట్టేసింది. "మీరూ తప్పకుండా రండి."

మామగారు పోయాక ఆ నుదుటికి ఎవరూ కుంకుమ తాకించలేదు. పెట్టకూడదన్న ముక్క మార్తాకి చెప్పడం హారికే మరిచిపోయింది.

"అయ్యో మార్తా! అత్తయ్యా, పాపం తనకి తెలీదు, తుడిచేస్తానుండండి..." కొంగు పట్టుకుని పరిగెత్తింది.

నాంచారమ్మగారు కోడలి చెయ్యి పట్టి ఆపారు.

"ఉండనీవే. ఆయన పోయాక నన్నొకరు పిలవడం ఇదే." పట్టిన చెయ్యి వదల్లేదు. "మర్యాదా లేదు, పాడూ లేదమ్మాయ్. నువ్వు కూడా వెళ్తే ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలిపోతానని అడ్డం పడ్డాను. తప్పు నాదే."