బయటి గడియ

మోపెడ్ మీద పోతున్న మనిషి మిరపకాయలు ఆరబోసిన కల్లం దగ్గర ఆగి, రేకుల షెడ్డు వంక అదేపనిగా చూశాడు.

అంకారావుకి ఒళ్లు మండింది. మాచవరం చుట్టుపక్కల మిరపకాయల దొంగలు తిరుగుతున్న రోజులవి. పగలొచ్చి చూసిపోయినవాడే రాత్రికొచ్చి బస్తాలు మోసుకుపోతాడని ఊరంతా అనుకుంటోంది.

"ఏంది చూస్తున్నావ్?"

ఆ మనిషిది కృష్ణానదికి అవతలి యాస. నైరుతి మూల మబ్బు చూపించాడు. అది మంచిది కాదని, షెడ్డులో ఉండొద్దని, స్లాబు వేసిన మోటారు గదిలోకి పొమ్మని బతిమాలాడు.

అంకారావు నవ్వేశాడు. కొంపలు లేపుకుపోయే సుడిగాలి ఎక్కడో సముద్రం పక్కనోళ్లకి గానీ తమకెందుకొస్తుందన్నాడు.

"మా తాతల కాడినుంచీ పల్నాడులో అట్టాంటి గాలి లేదు. నీ దారిన నువ్వు పో."

"మా దిక్కు గూడ ఎన్నడు లేకుండెనన్నా," అన్నాడతను. "ఒక్కసారే వచ్చింది."

అన్నాడే గానీ పోలేదు. మోపెడ్ స్టాండు వేసి గట్టు మీద కూర్చున్నాడు.

ఇంకేం, అనుమానం రూఢి అయింది. వాడి మీద ఓ కన్నేసి ఉంచమని భార్య విశాలాక్షికి చెప్పి, అంకారావు కాయల మీద టార్పాలిన్ పట్టాలు లాగసాగాడు. ఏడాది కష్టమంతా ఆ కల్లంలోనే ఉంది మరి.

సగం కప్పాడో లేదో, చేల మీద దుమ్ము గిర్రున తిరుగుతూ లేచింది. తాటిచెట్టు ఎత్తు దాటినా ఆగలేదు. ఇటే వస్తోంది.

విశాలాక్షి షెడ్డు వైపు పరుగెత్తింది. ఆ మనిషి అడ్డంపడి, ఆమె రెక్క పట్టుకుని మోటారు గదిలోకి నెట్టి తనూ దూరాడు. ఆడమనిషి మీద చెయ్యేస్తావా అని తిట్టుకుంటూ అంకారావూ వెనకే దూకాడు.

తలుపు నిలవలేదు. మోటారు గదికి లోపలి గడియ ఎవరు పెట్టిస్తారు? స్విచ్చి వేసి వచ్చి బయట గడియ పెట్టుకోవడమేగా. గాలి తలుపు రెక్కని లాగి లాగి గోడకేసి కొడుతోంది.

ఆ మనిషి ఒక్క క్షణం తలుపు వంక చూసి బయటికి పోయాడు. గడియ పడింది.

లోపల చీకటి. ఒక పక్క స్టార్టరు పెట్టె, ఒక పక్క పైపులు. కాలు కదపటానికి చోటు లేదు.

"కొంప ముంచాడే. మనల్ని ఇందులో పెట్టి కాయలెత్తుకుపోతున్నాడు."

అంకారావు తలుపు బాదాడు, తన్నాడు, నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు. బయట రైసుమిల్లు ఆడుతున్నంత మోత. అవతలి నుంచి అతనేదో అన్నాడు గానీ వినబడలేదు. అంతలో తలుపుకేదో దబ్బున తగిలింది.

దొంగే అయితే ఇంకా ఇక్కడెందుకుంటాడయ్యా అంది విశాలాక్షి. కాయలు పోతున్న ఏడుపులో ఆ మాట అంకారావు చెవికెక్కలేదు.

మోత ఆగింది. వాన మొదలైంది. గడియ తీసేవాళ్లు మాత్రం లేరు. అరిచి అరిచి అంకారావు గొంతు పోయింది. ఇందులోనే చస్తామంది విశాలాక్షి.

చానాసేపటికి పక్క కల్లం అబ్రహాము గొంతు వినిపించింది.

"తోయమాక అంకారావా. తలుపుకి మనిషి ఆనుకుని ఉన్నాడు. జరపనీ."

తలుపు తెరుచుకుంది. షెడ్డు లేదు. కాయలు కనుచూపు మేర చేలల్లో చెదిరిపోయి ఉన్నాయి. అంకారావు వాటివంక చూడనైనా లేదు.

ఆ మనిషి గడియకి తన తువ్వాలు బిగించి కట్టి, తలుపుకి వీపు ఆనించి ఉన్నాడు. ఎగిరొచ్చిన రేకు మెడకి తగిలింది. ప్రాణం ఎప్పుడో పోయింది.

"పేరన్నా అడగలేదు," అన్నాడు అంకారావు. అక్కడే బురదలో కూలబడ్డాడు.

అబ్రహాము తలగుడ్డ తీసి శవం మొహం తుడిచాడు.

"పొద్దున టీకొట్టు కాడ నాతో చెప్పాడు. నిరుడు వాళ్లూళ్లో గాలొస్తే పెళ్లాన్నీ కూతుర్నీ తీసుకుని ఇట్టాంటి గదిలోకే దూరాడంట. తలుపు నిలవలా. బయట నిలబడి గడియ కాసే మనిషి ఒక్కడుంటే ఇద్దరూ దక్కేవాళ్లని ఏడ్చాడు."